ఆంగ్ల క్రమరహిత క్రియలు – తెలుగు భూతకాల నిర్మాణం: డోన్ ప్రాంత వ్యవహారం నేపథ్యంగా ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆంగ్ల బోధనలో ‘వెర్బ్ ఫారమ్స్’ పేరుతో విద్యార్థులు కంఠస్థం చేసే క్రమరహిత క్రియల జాబితా నిజానికి క్రమం లేనిది కాదు. అందులో కొన్ని పాత క్రమాల అవశేషాలు దాగి ఉన్నాయి. తెలుగు క్రియల్లోనూ ఇటువంటి రూపాలు ఉన్నాయి. రెండు భాషల్లోనూ క్రమం తప్పినట్టు కనిపించే క్రియలు ఎక్కువగా నిత్యవ్యవహారంలో ఉన్నవే. ఈ వ్యాసం ఆంగ్ల క్రమరహిత క్రియల భూతకాల, పాస్ట్ పార్టిసిపుల్ రూపాల పుట్టుకను వివరిస్తుంది. వాటిని తెలుగు క్త్వార్థక, ధాతుజ విశేషణ రూపాలతో పోలుస్తుంది. నంద్యాల జిల్లా డోన్ ప్రాంతంతో సహా రాయలసీమలో వినిపించే ‘వచ్చినాడు’, ‘వచ్చిండాడు’ వంటి రూపాలు ఆంగ్ల బోధనకు ఏ విధంగా ఆధారం కాగలవో చర్చిస్తుంది.

కీలకపదాలు: క్రమరహిత క్రియలు, భూతకాలం, ధాతుజ విశేషణం, క్త్వార్థకం, రాయలసీమ మాండలికం, డోన్, తులనాత్మక వ్యాకరణం, ఆంగ్ల బోధన.

1. ప్రవేశిక

పూర్వం కర్నూలు జిల్లాలో భాగంగా ఉన్న డోన్, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రంగా ఉంది. ద్రోణాచలం అన్న పేరు కూడా ఉన్న ఈ పట్టణం రైల్వే కూడలి. సికింద్రాబాదు వైపు నుంచి వచ్చే మార్గం గుంతకల్లు–నంద్యాల మార్గాన్ని ఇక్కడే కలుస్తుంది. తెలుగు మాండలిక విభజనలో ఈ ప్రాంతం రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలు చేరిన దక్షిణ మండలానికి చెందుతుంది. ఇక్కడి విద్యార్థి ఇంట్లో ‘నాయన వచ్చినాడు’ అంటాడు. పాఠ్యపుస్తకంలో ‘నాన్న వచ్చాడు’ అని చదువుతాడు. ఆంగ్ల తరగతిలో ‘కమ్–కేమ్–కమ్’ అని వల్లిస్తాడు. ఒకే సంఘటనకు మూడు రకాల భూతకాల రూపాలు అతని ముందు ఉంటాయి.

ఈ మూడింటిలో మొదటిది ‘యాస’గా, రెండవది ‘సరైన తెలుగు’గా, మూడవది ‘బట్టీ పట్టవలసిన విషయం’గా తరగతి గదిలో స్థిరపడ్డాయి. ఇంటి రూపం పరీక్షలో తప్పుగా లెక్కకు వస్తే, ఆంగ్ల రూపానికి కారణం చెప్పేవారు లేకపోతే, విద్యార్థికి వ్యాకరణం అంటే కారణం లేని ఆజ్ఞల సముదాయం అనే భావం కలుగుతుంది. ఈ భావం ఎంతవరకు నిరాధారమో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు ముందుగా ఆంగ్ల రూపాల చరిత్రను, తరువాత తెలుగు రూపాల నిర్మాణాన్ని పరిశీలించాలి.

2. ఆంగ్లంలో క్రమం తప్పిన రూపాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఆంగ్లంలో అధికభాగం క్రియలు ధాతువు చివర ఒక దంత్య ప్రత్యయం చేర్చుకొని భూతకాలాన్ని తెలుపుతాయి. ‘వాక్–వాక్డ్–వాక్డ్’, ‘ప్లే–ప్లేడ్–ప్లేడ్’ ఇటువంటివి. ఈ పద్ధతికి లొంగనివాటిని క్రమరహిత క్రియలు అంటారు. పుట్టుకను బట్టి వీటిని స్థూలంగా మూడు వర్గాలుగా చూడవచ్చు.

2.1 బలక్రియలు

‘డ్రింక్–డ్రాంక్–డ్రంక్’, ‘రైట్–రోట్–రిటెన్’, ‘గివ్–గేవ్–గివెన్’, ‘టేక్–టుక్–టేకెన్’ వంటి క్రియల్లో భూతకాలాన్ని తెలిపేది ప్రత్యయం కాదు. ధాతువులోని అచ్చు మార్పు. జర్మానిక్ భాషల వ్యాకర్తలు వీటిని బలక్రియలు అన్నారు. ప్రాచీన ఆంగ్లంలో బలక్రియలు ఏడు గణాలుగా ఉండేవి. ఏ గణానికి చెందిన ధాతువులో ఏ అచ్చు ఏ అచ్చుగా మారుతుందో చాలావరకు ముందే చెప్పగలిగే స్థితి అప్పుడు ఉండేది. అంటే నేడు అపవాదంగా కనిపించేది ఒకనాడు సూత్రం.

సంస్కృత పరిచయం ఉన్న పాఠకులకు ఈ అచ్చు మార్పు కొత్త కాదు. ఆంగ్లమూ సంస్కృతమూ ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినవి. ‘భృ’ ధాతువు నుంచి ‘భరతి’, ‘బభార’, ‘భృత’ అనే రూపాలు వచ్చినట్టే, దానికి జ్ఞాతిపదమైన ఆంగ్ల ధాతువు నుంచి ‘బేర్–బోర్–బోర్న్’ వచ్చాయి. ‘భిద్’ ధాతువు నుంచి ‘భిన్న’ వచ్చింది. అదే మూలానికి చెందిన ఆంగ్ల క్రియ ‘బైట్’ పార్టిసిపుల్ ‘బిటెన్’. సంస్కృత క్త ప్రత్యయాంతాల్లో ‘భృత’ వంటి వాటి చివర ‘త’, ‘భిన్న’, ‘జీర్ణ’ వంటి వాటి చివర ‘న’ లేదా ‘ణ’ ఉన్నట్టే, ఆంగ్ల పార్టిసిపుల్స్‌లో కొన్ని దంత్య ప్రత్యయంతోనూ కొన్ని నకారంతోనూ ముగుస్తాయి. తెలుగులో ‘ఛిన్నాభిన్నం’ అనే విద్యార్థి తనకు తెలియకుండానే ‘బిటెన్’ బంధువును వాడుతున్నాడు.

ప్రాచీన ఆంగ్లంలో బలక్రియల భూతకాలానికి ఏకవచనంలో ఒక అచ్చు, బహువచనంలో మరొక అచ్చు ఉండేవి. కాలక్రమంలో ఈ భేదం తొలగి ఏదో ఒకటి నిలిచింది. ఆ పాత భేదం నేటికీ మిగిలి ఉన్న ఏకైక క్రియ ‘వాజ్–వర్’.

2.2 ధ్వనిమార్పులకు లోనైన బలహీన క్రియలు

రెండవ వర్గంలోని క్రియలు మొదట దంత్య ప్రత్యయం తీసుకున్నవే. తరువాతి ధ్వనిమార్పులు వాటి క్రమాన్ని కప్పివేశాయి. ‘కీప్–కెప్ట్’, ‘స్లీప్–స్లెప్ట్’, ‘ఫీల్–ఫెల్ట్’లలో ప్రత్యయం ఇప్పటికీ వినిపిస్తుంది. రెండు హల్లుల ముందు దీర్ఘం హ్రస్వం కావడం వల్ల ఈ రూపాల్లో అచ్చు కురచ అయింది. తరువాత ఆంగ్లంలో దీర్ఘాచ్చులన్నిటికీ ఉచ్చారణ మారింది. హ్రస్వాలు ఆ మార్పుకు దూరంగా ఉండిపోయాయి. అందువల్ల ధాతురూపానికీ భూతరూపానికీ మధ్య ఎడం పెరిగింది. ఒకే వర్ణక్రమంతో రాసి ‘రీడ్–రెడ్–రెడ్’ అని పలకడానికీ హ్రస్వీకరణమే కారణం.

‘థింక్–థాట్’, ‘బ్రింగ్–బ్రాట్’లలో ప్రత్యయానికి ముందున్న అనునాసికం లోపించింది. ‘పుట్’, ‘కట్’, ‘హిట్’, ‘సెట్’ వంటి వాటిలో ధాతువు చివరి టకారమూ ప్రత్యయమూ కలిసిపోయాయి. మూడు రూపాలూ ఒకటిగా కనిపించడానికి కారణం ప్రత్యయం లేకపోవడం కాదు, ధాతువులో కలిసిపోవడం. తెలుగు సంధిలో ఒక వర్ణం మరొకదానిలో లీనమయ్యే తీరు తెలిసిన విద్యార్థికి ఇది కష్టమైన విషయం కాదు.

ఈ వర్గంలో మరొక విశేషం ఉంది. ‘క్యాచ్’ ఫ్రెంచి నుంచి వచ్చిన క్రియ. అరువు క్రియలు సాధారణంగా క్రమబద్ధమైన మార్గాన్నే అనుసరిస్తాయి. అయినా ఇది ‘టీచ్–టాట్’ వంటి వాటి సరసన చేరి ‘కాట్’ అయింది. దీన్నిబట్టి క్రమరహిత రూపాలు కూడా ఇతర క్రియలను ఆకర్షించగలవని తెలుస్తుంది. అమెరికన్ ఆంగ్లంలో ‘డైవ్’కు ‘డోవ్’, ‘స్నీక్’కు ‘స్నక్’ ఏర్పడినవి కూడా ఇటువంటి సామ్యం వల్లనే.

2.3 వేరు ధాతువుల కలయిక

మూడవ వర్గం చాలా చిన్నది. ‘గో’కు భూతకాలం ‘వెంట్’. ఇది ‘గో’ నుంచి పుట్టలేదు. ‘వెండ్’ అనే మరొక క్రియకు చెందిన భూతరూపం ‘గో’కు సొంతమైంది. ‘బి’ క్రియలో మూడు ధాతువులు కలిశాయి. ‘ఆమ్’, ‘ఈజ్’ రూపాలు సంస్కృత ‘అస్’కు, ‘బి’ రూపం ‘భూ’కు, ‘వాజ్’ రూపం ‘వస్’కు జ్ఞాతులు. ఒక ధాతువు స్థానంలో మరొకటి వచ్చి నిలవడం భారతీయ వ్యాకరణ సంప్రదాయంలో ‘ఆదేశం’గా ప్రసిద్ధం. ‘దృశ్’కు ‘పశ్యతి’ అనే వర్తమాన రూపం, ‘దృష్ట’ అనే క్తాంత రూపం ఉండడం, కొన్ని ప్రత్యయాల ముందు ‘అస్’కు ‘భూ’ రావడం దీనికి ఉదాహరణలు. ‘గో–వెంట్–గాన్’ను వింతగా కాక ఆదేశంగా చెప్పినప్పుడు తెలుగు సాహిత్య విద్యార్థికి అది వెంటనే బోధపడుతుంది.

3. నిలిచినవి, తొలగినవి

క్రమరహిత క్రియలన్నీ నిలిచి ఉండలేదు. ‘హెల్ప్’ ఒకనాడు బలక్రియ. నేడు ‘హెల్ప్డ్’ అని క్రమబద్ధమైంది. 2007లో ‘నేచర్’ పత్రికలో ప్రచురితమైన హార్వర్డ్ పరిశోధకుల అధ్యయనం ప్రాచీన ఆంగ్లంలోని 177 క్రమరహిత క్రియలను పరిశీలించింది. వాటిలో మధ్యయుగ ఆంగ్లం నాటికి 145, నేటికి 98 మాత్రమే క్రమరహితంగా మిగిలాయి. వాడుక ఎంత తక్కువైతే క్రియ అంత త్వరగా క్రమబద్ధమవుతుంది. ఒక క్రియ వాడుక మరొకదానికన్నా వంద రెట్లు తక్కువైతే, అది పది రెట్లు వేగంగా క్రమబద్ధమవుతుందని ఆ అధ్యయనం లెక్కగట్టింది.

ఆంగ్లంలో అత్యధికంగా వాడే ‘బి, హావ్, డు, సే, మేక్, గో, టేక్, కమ్, సీ, గెట్’ క్రియలన్నీ క్రమరహితాలే కావడం ఈ సూత్రంతో సరిపోతుంది. నిత్యం వినే రూపం జ్ఞాపకంలో నిలుస్తుంది. అరుదుగా వినే రూపం మరుపుకు వస్తే సాధారణ సూత్రం దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఆంగ్లం మాతృభాషగా నేర్చుకునే పిల్లలు కూడా ‘గోడ్’, ‘కమ్డ్’ అంటారు. 1958లో జీన్ బెర్కో పిల్లలకు కల్పిత పదాలు ఇచ్చి పరీక్షించినప్పుడు వారు కొత్త పదాలకూ సూత్రాలను వర్తింపజేశారు. అందువల్ల డోన్ విద్యార్థి ‘గోడ్’ అని రాస్తే అది అజ్ఞానానికి గుర్తు కాదు. సూత్రం అతనికి పట్టుబడిందనడానికి నిదర్శనం. ఆ సూత్రానికి మినహాయింపును వినే అవకాశమే అతనికి తగినంతగా దొరకలేదు.

4. తెలుగు భూతకాల నిర్మాణం

1858లో వెలువడిన బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి క్రియా రూపాలను విడివిడిగా నిరూపించాడు. భూతకాలానికి సంబంధించి రెండు రూపాలు ఇక్కడ ముఖ్యం. ‘చేసి’, ‘వచ్చి’ వంటి అసమాపక రూపం క్త్వార్థకం. ‘చేసిన’, ‘వచ్చిన’ వంటి రూపం ధాతుజ విశేషణం. 1816లో క్యాంబెల్, కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1840లో, ఆర్డెన్ 1873లో ఆంగ్లంలో తెలుగు వ్యాకరణాలు ప్రకటించారు. ఆంగ్లంలో రాసిన ఈ సంప్రదాయంలో క్త్వార్థకమూ ధాతుజ విశేషణమూ రెండూ పార్టిసిపుల్స్‌గానే వ్యవహారానికి వచ్చాయి. పేరు ఒకటైనంత మాత్రాన స్వభావం ఒకటి కాదు. ‘ధాతువు నుంచి పుట్టిన విశేషణం’ అన్న సూరి మాట తెలుగు రూపం స్వభావాన్ని మరింత స్పష్టంగా తెలుపుతుంది.

ధాతుజ విశేషణం ఎంత పాతదో శాసనాలు చూపుతాయి. కడప జిల్లా ఎర్రగుడిపాడులో లభించిన రేనాటి చోళుల శాసనంలో ‘ఇచ్చిన’ అనే రూపం ఉంది. పద్నాలుగు శతాబ్దాల నాటి ఆ రూపాన్ని నేటి కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, డోన్ వాసులు మార్పు లేకుండా వాడుతున్నారు.

ఆధునిక భూతకాల సమాపక క్రియకు పునాది ఈ ధాతుజ విశేషణమే. ‘వచ్చిన’కు సర్వనామ సంబంధి ప్రత్యయం చేరి ‘వచ్చినాడు’, ‘వచ్చినాను’, ‘వచ్చినారు’ ఏర్పడ్డాయి. కృష్ణా గోదావరి జిల్లాల విద్యావంతుల వ్యవహారంలో మధ్యనున్న ‘ఇన’ సంకోచించి ‘వచ్చాడు’, ‘వచ్చాను’, ‘వచ్చారు’ అయ్యాయి. ఆధునిక ప్రమాణభాష ప్రధానంగా ఆ ప్రాంత వ్యవహారం మీద నిర్మితం కావడం వల్ల సంకుచిత రూపాలు పాఠ్యపుస్తకాలకు ఎక్కాయి.

సంకోచం జరిగిందనడానికి సాక్ష్యం ప్రమాణభాషలోనే ఉంది. ‘వచ్చాడు’ అనేవారు కూడా స్త్రీ, అమహద్వాచకాలకు ‘వచ్చింది’ అంటారు. అది ‘వచ్చినది’ నుంచి వచ్చిన రూపం. ‘వచ్చాడు’లో కనిపించకుండా పోయిన నకారం ‘వచ్చింది’లో బిందువుగా మిగిలింది. అట్లే ‘తిన్నాడు’, ‘విన్నాడు’, ‘కొన్నాడు’ అన్ని ప్రాంతాలవారూ అంటారు. వీటిలో నకారం చెక్కుచెదరలేదు. దీన్నిబట్టి ‘వచ్చినాడు’, ‘వచ్చింది’, ‘తిన్నాడు’ ఒకే సూత్రంతో సాధ్యమవుతాయి. ‘వచ్చాడు’ను సాధించడానికి మరొక సూత్రం అదనంగా కావాలి. నిర్మాణ దృష్టితో చూస్తే రాయలసీమ రూపమే ఎక్కువ పారదర్శకమైనది. దానిని అపభ్రంశంగా భావించడానికి వ్యాకరణపరమైన ఆధారం లేదు.

5. తెలుగులో క్రమం తప్పినట్టు కనిపించే క్రియలు

తెలుగులో చాలా క్రియలు ధాతువు మీద ఇకారం చేర్చుకొని క్త్వార్థకాన్ని ఏర్పరచుకుంటాయి. ‘అడుగు–అడిగి’, ‘పెరుగు–పెరిగి’లలో మధ్యనున్న ఉకారం ఇకారంగా మారుతుంది. పైకి ఇది ఆంగ్ల బలక్రియల అచ్చు మార్పులా కనిపించినా స్వభావం వేరు. తరువాతి ఇకారం ప్రభావంతో జరిగే స్వరసమీకరణం ఇది. దీనికి మినహాయింపులు అరుదు.

నిజంగా దృష్టిని ఆకర్షించేవి మరికొన్ని. ‘పడు’ నుంచి ‘పడిన’తో పాటు ‘పడ్డ’, ‘ఉండు’ నుంచి ‘ఉన్న’, ‘తిను’ నుంచి ‘తిన్న’, ‘అవు’ నుంచి ‘అయిన’ వచ్చాయి. ‘వచ్చు’, ‘తెచ్చు’, ‘ఇచ్చు’, ‘చచ్చు’ క్రియల్లో భూతకాల రూపానికీ ఇతర రూపాలకూ పోలిక తగ్గింది: వచ్చినాడు–రాలేదు, తెచ్చినాడు–తేలేదు, ఇచ్చినాడు–ఇయ్యలేదు, చచ్చినాడు–చావలేదు.

‘వచ్చినాడు–రాలేదు’ జంట చూడగానే ‘గో–వెంట్’ గుర్తుకు వస్తుంది. కానీ వీటి చరిత్రలు వేరు. తమిళంలో ‘వా, వందాన్, వరువాన్’, కన్నడంలో ‘బా, బందను, బరువను’ రూపాలను పక్కన పెట్టి చూస్తే తెలుగు ‘వచ్చు’, ‘రా’ రెండూ ఒకే మూలధాతువు శాఖలని తేలుతుంది. తమిళ ‘ఉరల్’కు తెలుగులో ‘రోలు’, ‘ఇరండు’కు ‘రెండు’ ఏర్పడిన వర్ణవ్యత్యయమే ‘రా’ రూపానికీ కారణం. ద్రావిడ ధాతువుల చరిత్రను భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో వెలువడిన తెలుగు క్రియాధాతువుల గ్రంథంలోనూ, 2003లో వెలువడిన ద్రావిడ భాషల గ్రంథంలోనూ విపులంగా చర్చించారు. ‘వెంట్’ పరాయి ధాతువు నుంచి వచ్చి చేరిన రూపం. ‘రా’ ఇంటి ధాతువే రూపు మార్చుకోగా వచ్చినది.

ఇక్కడ రెండు భాషలకూ ఉన్న పోలికను గుర్తించాలి. రా, పో, ఉండు, అవు, ఇవ్వు, తే, తిను, అను, కొను, పడు – తెలుగులో రూపభేదం ఎక్కువగా చూపే ఈ క్రియలన్నీ నిత్యవ్యవహారంలోనివే. మూడవ విభాగంలో చెప్పిన వాడుక సూత్రం తెలుగుకూ వర్తిస్తుంది.

మరొక సామ్యం విశేషణాలుగా స్థిరపడిన పాత రూపాల్లో ఉంది. ‘చెడు’ ధాతువు నుంచి వచ్చిన ‘చెడ్డ’ నేడు కేవలం విశేషణం. క్రియార్థం కావాలంటే ‘చెడిన’, ‘చెడిపోయిన’ అంటారు. ఆంగ్లంలో ‘మెల్ట్’కు క్రియగా ‘మెల్టెడ్’ వచ్చినా, కరిగిన లోహాన్ని చెప్పేటప్పుడు పాత పార్టిసిపుల్ ‘మోల్టెన్’ విశేషణంగా నిలిచింది. ‘డ్రంకెన్’, ‘సంకెన్’ కూడా ఇటువంటివే.

6. ‘వచ్చినాడు’, ‘వచ్చిండాడు’

ఆంగ్ల పాస్ట్ పార్టిసిపుల్ ప్రధాన ఉపయోగాల్లో ఒకటి ‘హావ్’ సహాయక క్రియతో కలిసి ప్రెజెంట్ పర్ఫెక్ట్‌ను ఏర్పరచడం. ‘హి కేమ్’ అన్నప్పుడు రాక గడిచిన సంఘటన. ‘హి హాజ్ కమ్’ అన్నప్పుడు ఆ రాక ఫలితం ఇప్పటికీ నిలిచి ఉంది. ప్రమాణ తెలుగులో రెండింటికీ సాధారణంగా ‘వచ్చాడు’ సరిపోతుంది. అందువల్ల ఈ భేదం తెలుగువారికి కష్టమని బోధకులు భావిస్తుంటారు.

రాయలసీమ వ్యవహారం ఈ భావనను సవరిస్తుంది. ఈ ప్రాంతంలో ‘ఉన్నాడు’కు బదులు ‘ఉండాడు’ వినిపిస్తుంది. క్త్వార్థకానికి అది చేరి ‘వచ్చిండాడు’, ‘పోయిండాడు’, ‘చేసిండాడు’ ఏర్పడతాయి. ‘మామ నంద్యాల నుంచి వచ్చినాడు’ అంటే రాక జరిగింది. ‘మామ వచ్చిండాడు’ అంటే వచ్చి ఇంట్లో ఉన్నాడు. మొదటిది సంఘటనను, రెండవది దాని ఫలితస్థితిని తెలుపుతుంది. ‘కేమ్’, ‘హాజ్ కమ్’ల మధ్య ఉన్న భేదానికి ఇది చాలా దగ్గర. ఇదే స్థితిని గతానికి జరిపి చెప్పడానికి ‘వచ్చిండె’ వంటి రూపాలు కూడా ఉన్నాయి. అవి ఆంగ్ల ‘హాడ్ కమ్’ను తలపిస్తాయి.

ఆంగ్లంలో గమనార్థక క్రియలకు పూర్వం ‘హావ్’కు బదులు ‘బి’ వాడేవారు. ‘హి ఈజ్ కమ్’ పాత ఆంగ్లరచనల్లో సాధారణం. ‘హి ఈజ్ గాన్’ నేటికీ నిలిచింది. ‘వచ్చి ఉండు’, ‘పోయి ఉండు’ అనే తెలుగు నిర్మాణానికి ఇది మరింత సన్నిహితం.

అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉంది. ఆంగ్ల ప్రెజెంట్ పర్ఫెక్ట్‌తో ‘యెస్టర్డే’ వంటి నిర్దిష్ట గతకాల పదం పొసగదు. తెలుగులో ‘నిన్న’ అన్న మాటకు అటువంటి నిషేధం లేదు. సామ్యాన్ని చూపిన తరువాత ఈ తేడాను కూడా బోధకుడు స్పష్టం చేయాలి.

7. తరగతి గదిలో ఎదురయ్యే మూడు చిక్కులు

మొదటిది వ్యతిరేకార్థం. ‘హి డిడ్ నాట్ వెంట్’ అనే దోషం సాధారణం. తెలుగు వ్యతిరేక భూతకాలాన్ని గమనిస్తే దీనిని సులభంగా సరిదిద్దవచ్చు. ‘పోయినాడు’కు వ్యతిరేకం ‘పోయినాడులేదు’ కాదు, ‘పోలేదు’. ‘వచ్చినాడు’కు ‘రాలేదు’. వ్యతిరేకంలో ప్రధాన క్రియ భూతకాల చిహ్నాన్ని వదిలి మూలరూపానికి దగ్గరవుతుంది. ఆంగ్లంలోనూ ‘వెంట్’ తిరిగి ‘గో’ అవుతుంది. ‘రాలేదు’ అన్న విద్యార్థికి ‘డిడ్ నాట్ కమ్’ సూత్రం అప్పటికే తెలుసు.

రెండవది ప్రశ్న. ఇక్కడ తెలుగు సహకరించదు. ‘వచ్చినాడు’కు ఆకారం చేరిస్తే ‘వచ్చినాడా?’ అవుతుంది. భూతకాల రూపం యథాతథంగా నిలుస్తుంది. ‘డిడ్ హి కేమ్?’ అనే దోషానికి ఈ నిర్మాణ ప్రభావం ఒక కారణం కావచ్చు. వ్యతిరేకంలో కలిసివచ్చి ప్రశ్నలో విడిపోయే ఈ తీరును రెండు పాఠాలుగా వేరు చేసి చెప్పడం అవసరం.

మూడవది పార్టిసిపుల్‌ను విశేషణంగా వాడడం. తెలుగు ధాతుజ విశేషణం కర్తకూ కర్మకూ సమానంగా విశేషణం కాగలదు. ‘రాజు ఇచ్చిన భూమి’, ‘భూమి ఇచ్చిన రాజు’ రెండూ సాధువులే. ఆంగ్ల సకర్మక క్రియల పాస్ట్ పార్టిసిపుల్ కర్మ వైపే మొగ్గుతుంది. ‘గివెన్’ అనేది ఇవ్వబడిన వస్తువుకు చెల్లుతుంది కాని ఇచ్చిన వ్యక్తికి చెల్లదు. అతనిని చెప్పడానికి ‘హూ గేవ్’ అనే ఉపవాక్యం కావాలి. అకర్మకాల్లో ‘ఫాలెన్’ వంటి కొన్ని మాత్రమే ‘రాలిన ఆకులు’ అన్న రీతిలో విశేషణాలవుతాయి. ‘వచ్చిన మనిషి’ అన్న అర్థంలో ‘కమ్’ను నామవాచకం ముందు వాడడం కుదరదు. ‘ఆళ్లగడ్డలో చెక్కిన శిల్పం’, ‘శిల్పం చెక్కిన శిల్పి’ అనే రెండు పదబంధాలను ఆంగ్లీకరించమంటే ఈ భేదం విద్యార్థికి స్పష్టమవుతుంది.

8. తెలుగులోకి వచ్చిన ఆంగ్ల క్రియలు

అరువు క్రియల విషయంలో తెలుగు వ్యవహర్తలు సాధారణంగా ఆంగ్ల మూలరూపాన్నే తీసుకుంటారు. ‘బస్సు మిస్సయింది’, ‘గ్లాసు బ్రేకయింది’, ‘వాడు సెలెక్టయినాడు’, ‘ఫోన్ రింగయింది’ అంటారు. ‘బ్రోక్ అయింది’ అనరు. కాలాన్ని తెలిపే బాధ్యత ‘అవు’, ‘చేయు’ క్రియలది. అంటే ఆంగ్ల క్రమరాహిత్యం తెలుగు పొలిమేర దాటి లోపలికి రాదు. పాస్ట్ పార్టిసిపుల్ వచ్చినా విశేషణంగానే వస్తుంది. ‘అయ్యవారు రిటైరైనాడు’ అన్న వ్యవహర్తే ‘రిటైర్డ్ అయ్యవారు’ అంటాడు. క్రియారూపానికీ విశేషణరూపానికీ ఉన్న తేడాను ఏ పుస్తకమూ నేర్పకుండానే సామాన్య వ్యవహర్త గుర్తించాడు.

9. బోధనకు సంబంధించిన సూచనలు

పై చర్చ ఆధారంగా బోధనలో కొన్ని మార్పులు సాధ్యమవుతాయి. క్రమరహిత క్రియలను అకారాది జాబితాగా కాక రూపసామ్యాన్ని బట్టి గుంపులుగా ఇవ్వాలి. మూడు రూపాలూ ఒకటిగా ఉన్న ‘పుట్’ వర్గం, అచ్చు కురచయ్యే ‘కీప్’ వర్గం, ‘థాట్–బ్రాట్’ వర్గం, ‘డ్రింక్–డ్రాంక్–డ్రంక్’ వర్గం, నకారాంతమైన ‘గివెన్–టేకెన్’ వర్గం వేరువేరుగా ఉంటే జ్ఞాపకానికి ఆధారం దొరుకుతుంది. వాడుక ఎక్కువగా ఉన్న క్రియలను ముందు నేర్పాలి. ‘వి వన్, వి టూ, వి త్రీ’ అనే అంకెలు రూపాలను గుర్తు చేస్తాయి కాని వాటి ప్రయోజనాన్ని చెప్పవు. రెండవ రూపం ఒంటరిగా సమాపక క్రియ కాగలదనీ, సమాపక క్రియగా నిలవాలంటే మూడవదానికి సహాయక క్రియ కావాలనీ వాక్యాల ద్వారా చూపాలి. క్త్వార్థకమైన ‘వచ్చి’ ఒంటరిగా వాక్యాన్ని ముగించలేదు, ‘ఉండాడు’ చేరితేనే ముగిస్తుంది అన్న పోలిక ఇందుకు ఉపకరిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా తెలుగు అధ్యాపకుడూ ఆంగ్ల అధ్యాపకుడూ విద్యార్థి ఇంటి భాషను సమాచార వనరుగా స్వీకరించాలి. ‘వచ్చినాడు’ను ఎర్రసిరాతో కొట్టివేసినప్పుడు భూతకాల నిర్మాణానికి ఉన్న స్పష్టమైన ఉదాహరణను తరగతి కోల్పోతుంది. పరీక్షకు ప్రమాణరూపం నేర్పడం వేరు, ఇంటి రూపాన్ని తప్పు అనడం వేరు.

10. ముగింపు

ఆంగ్ల క్రమరహిత క్రియలు మూడు మార్గాల్లో ఏర్పడ్డాయి. పాత అచ్చు మార్పుల క్రమం శిథిలం కావడం, ధ్వనిమార్పులు ప్రత్యయాన్ని కప్పివేయడం, వేరు ధాతువులు ఒకటి కావడం ఆ మార్గాలు. తెలుగులో క్రమం తప్పినట్టు కనిపించే క్రియల వెనుక కూడా సంకోచం, సమీకరణం, వర్ణవ్యత్యయం వంటి నియతమైన మార్పులే ఉన్నాయి. రెండు భాషల్లోనూ తరచైన వాడుకే ఈ రూపాలను కాపాడుతున్నది. ధాతుజ విశేషణం, పాస్ట్ పార్టిసిపుల్ ఒకటి కావు. వ్యతిరేకంలో రెండు భాషలు కలుస్తాయి, ప్రశ్నలో విడిపోతాయి. సంఘటనకూ దాని ఫలితస్థితికీ మధ్య ఆంగ్లం పాటించే భేదానికి రాయలసీమ వ్యవహారంలో సిద్ధంగా ఉన్న సామ్యం ‘వచ్చినాడు–వచ్చిండాడు’. డోన్, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వ్యవహారంలో ఈ రూపాలు ఏ వయసువారిలో, ఏ సందర్భాల్లో నిలిచి ఉన్నాయో క్షేత్రపరిశోధన ద్వారా నమోదు చేయవలసిన అవసరం ఉంది. అటువంటి నమోదు మాండలిక అధ్యయనానికీ, ఆంగ్ల బోధనకూ ఏకకాలంలో ఉపకరిస్తుంది.